ఒక దవడ ఒక్కపొద్దు

‘వేళకింత అన్నం’ సీరియల్: పద్నాలుగో భాగం

తెల్లవారుజామున, ఒక్కపొద్దుకు ముందు తినే సహరీ పళ్లెం ముందు కూతురు అన్న మాట దావూద్‌ను పొద్దంతా వదల్లేదు. మోటారు వైండింగ్ దుకాణంలో రాగితీగ చుడుతున్నా అదే మాట. కాలిపోయిన బోరు మోటారును ట్రాక్టరులో వేసుకొచ్చిన రైతుతో మాట్లాడుతున్నా అదే మాట.

సహరీకి ఎవరూ లేపకుండానే లేచింది షాహనా. ముఖం కడుక్కుని వచ్చి జేజి నన్నీ బీ పక్కన చాప మీద కూర్చుంది. తొమ్మిదేళ్ల బతుకులో ఏనాడూ పళ్లెం ఖాళీ చేసి ఎరుగని పిల్ల, వాళ్లమ్మ ఫిరోజా వడ్డించిన పప్పన్నం, గుడ్డు మెతుకు మిగల్చకుండా తినింది. చెంబెడు నీళ్లు తాగి, "ఈరోజు నేను ఒక్కపొద్దు" అని చెప్పింది.

"సరే తల్లీ, పోయిన ఏడు మాదిరి ఒక దవడ ఒక్కపొద్దు ఉందువులే" అన్నాడు దావూద్ నవ్వుతూ.

పిల్ల నవ్వలేదు. "తిండి సంగతిలో నీ మాట నేనింక నమ్మను నాయనా" అంది.

ఒక దవడ ఒక్కపొద్దు ఆ ఇంట్లో తరాల నాటి ఆట. రంజాన్ నెలలో చిన్నపిల్లలు తామూ ఉపవాసం ఉంటామని మారాం చేస్తే, పెద్దవాళ్లు మధ్యాహ్నం అన్నం పెట్టి, ఎడమ దవడతో నమిలితే కుడి దవడ ఒక్కపొద్దులోనే ఉంటుందని చెబుతారు. దావూద్‌కు అతని తల్లి నన్నీ బీ అట్లాగే పెట్టింది. నన్నీ బీకి వాళ్ల అమ్మ పెట్టింది. పోయిన రంజాన్‌లో షాహనా ఒక బుగ్గ ఉబ్బించుకుని, రెండో బుగ్గకు మెతుకు తగలకుండా ఎంత జాగ్రత్తగా నమిలిందో చూసి ఇల్లంతా మురిసిపోయింది. పిల్ల ఆ సంగతిని ఏడాది పొడుగునా బడిలో గొప్పగా చెప్పుకుంది. ఆఖరికి ఒకనాడు ఆమె పక్కన కూర్చునే సుచరిత, కిరాణా కొట్టువాళ్ల అమ్మాయి, అమాయకంగా అడిగింది. "మా అమ్మ శనివారం శనివారం ఒక్కపొద్దుంటాది. దవడ ఏదైతే ఏం, కడుపు ఒకటే గదా షాహనా? మీకు కడుపులు గూడా రెండుండాయా?"

తరగతి అంతా నవ్వింది. షాహనా ఇంటికి వచ్చి తండ్రితో సరిగా మాట్లాడటం మానేసింది. అది మొదలు ఆ ఇంట్లో అన్నం పళ్లెం ముందు తండ్రి మాట చెల్లడం లేదని మీకు తెలిసిందే.

మధ్యాహ్నం దాకా దావూద్ ఓర్చుకున్నాడు. మార్చి నెల చివరి ఎండ. వేంపల్లె బజారు మీద గాలి కూడా ఆడడం లేదు. ఒంటిపూట బళ్లు విడిచారు. పిల్లలు నీళ్ల సీసాలు ఎత్తి తాగుతూ పోతుంటే అతని గుండె ఇంటి వైపు లాగింది. మసీదు ఇన్వర్టర్ బ్యాటరీని పొద్దున్నే దుకాణానికి తెచ్చి నీళ్లు పోసి చార్జింగ్‌కు పెట్టాడు. రంజాన్ ఆఖరి రోజులు, సాయంత్రం జనం ఎక్కువ, కరెంటు పోతే మైకు, సైరన్ ఆగకూడదని. ఆ బ్యాటరీ మూలన ఉండగానే దుకాణం షట్టరు సగం దించి, దారిలో చీనీకాయల రసం ఒక సీసా పట్టించుకుని ఇంటికి వచ్చాడు.

ముందు గదిలో కడప బండల నేల మీద, చాప కూడా లేకుండా, షాహనా వెల్లకిలా పడుకుని ఉంది. నుదుటి మీద తడి తువ్వాలు. పక్కన గోడకానుకుని నన్నీ బీ తస్బీ పూసలు తిప్పుతోంది.

"ఎట్లుండాది తల్లీ?" అని వంగాడు.

పిల్ల కళ్లు తెరవలేదు. "నేను నిద్ర పోతాండా. సాయంత్రం అసర్ నమాజు దాకా నిద్రే పోవాలని అమ్మ చెప్పింది" అంది.

"నిద్ర పోయేవాళ్లు మాట్లాడతారా?"

"నువ్వు మాట్లాడిస్తాండావు గదా."

నన్నీ బీ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. దావూద్ సీసా ఉన్న సంచిని వీపు వెనక దాచుకుని వంటింటి దగ్గరికి పోయాడు. తలుపు లోపల గడియ వేసి ఉంది. తట్టాడు. కాసేపటికి ఫిరోజా తీసింది, పైట చెంగుతో మూతి తుడుచుకుంటూ.

"గడియెందుకే?"

"మిరప్పొడి. ఘాటు పాపకు తగుల్తాదని." ఆమె చూపు సంచి మీద పడింది. "అదేంది?"

"చీనీకాయ రసం."

"ఒక్కపొద్దుండే బిడ్డకా?"

"చిన్నపిల్లలకు మధ్యాన్నం జొహర్ నమాజు దాకా ఉంటే సాలని చెప్తా. దాన్ని పిట్ట ఒక్కపొద్దంటారు."

"ఎవురంటారు?"

"నేనంటా."

ఫిరోజాకు నవ్వు రాలేదు. "దవడ అయిపాయ, ఇప్పుడు పిట్ట. వచ్చే ఏడు ఏమంటావు, చీమ ఒక్కపొద్దంటావా?"

"ఎగతాళి కాదు ఫిరోజా. ఏడు పొడుగునా పిట్టంత తినే బిడ్డ అది. నేను తిప్పలు పడి ముద్ద ముద్దా పెడితే ఈ మాత్రం నిలబడింది. నువ్వేమో గంట కొట్టినట్టు పళ్లెం పెట్టడం, తినకపోతే మూతేసి తీసేయడం. ఈరోజు ఎండ చూసినావా?"

అతను చెప్పింది అబద్ధం కాదు. పిల్లకు అన్నం పెట్టడంలో దావూద్‌కు ఆ వీధిలో పేరుంది. మోపెడ్ మీద కూర్చోబెట్టుకుని బస్టాండు చుట్టూ ఒక తిరుగుడుకు ఒక ముద్ద పెట్టేవాడు. దుకాణంలో రాగితీగ ఒక చుట్టకు ఒక ముద్ద పెట్టేవాడు. ముద్దలకు పేర్లు పెట్టేవాడు, వాటి మధ్య తగాదాలు పెట్టేవాడు, పాపం చివరి ముద్ద ఒంటరిగా ఏడుస్తోందని గొంతు మార్చి ఏడ్చేవాడు. పక్కింటివాళ్లు తమ మొండి పిల్లలను కూడా అతని ముందు కూర్చోబెట్టి పోయేవాళ్లు. అలసట ఎరుగని ఓపిక అది. ఆ సంగతి ఫిరోజాకూ తెలుసు.

"నువ్వు పెడితే నోరు తెరుస్తాది, కాదన్ల్యా" అందామె గొంతు తగ్గించి. "ఆకలై తెరుస్తాందా, నీ కత కోసం తెరుస్తాందా? కత అయిపోతే నోరు మూస్తాది. దాని కడుపు సంగతి దానికి ఎప్పుడు తెలియాల?"

"తెలిసేలోగా కండ్లు తిరిగి పడిపోతే?"

"పడనీను. తల తిరిగినా, కండ్లు మసకైనా నాకు చెప్పాలని మాట తీసుకున్యా. నేను తాగమంటే ఎదురు మాట్లాడకుండా నీళ్లు తాగాలని గూడా. చిన్నపిల్లకు ఇది తప్పనిసరి ఫర్జు కాదు, మధ్యలో ఇడిస్తే పాపం లేదని ఉండేదున్నట్టు చెప్పినా. ఇడిస్తే ఇడిసినట్టే గానీ, ఉన్నట్టు కాదని గూడా చెప్పినా."

"అంత కచ్చితంగా చెప్పాల్నా తొమ్మిదేండ్ల పిల్లకు?"

బయటి నుంచి నన్నీ బీ గొంతు వినబడింది. "మీ ఇద్దరి గుసగుసలకు పాప ఒక్కపొద్దు సంగతేమో గానీ, నా ఒక్కపొద్దు చెడేట్టుండాది. తిట్టుకునేదేదో ఈడికొచ్చి తిట్టుకోండి, నాకూ పొద్దుపోతాది."

"ఏం లేదత్తా" అంది ఫిరోజా. గట్టు మీద అనాస ముక్కల గిన్నె మూత సర్దింది, మళ్లీ తీసి సర్దింది. దావూద్ ఇక గెలిచాననుకున్నాడు. అప్పుడు ఆమె అతని వైపు చూడకుండానే మాట్లాడింది.

"మా ఊర్లో వానల్లేక సుగ్గికి పోయేటోళ్లమని నీకు తెల్సు గదా."

తెలుసు. కోసిగి నుంచి ప్రతి ఏడూ జనం మూటలు కట్టుకుని, పిల్లలను చంకనేసుకుని, లారీలెక్కి పనులున్న చోటికి పోతారు. పెళ్లిచూపులప్పుడే చెప్పారు. అంతకుమించి అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేకి పోతాంటిమి. పెద్దోళ్లంతా చేన్లోకి పోతే పిల్లోళ్లం గుడిసెల కాడ. మా అమ్మ పోతా పోతా, ‘ఇప్పుడే వస్తా, వస్తూనే అన్నం పెడతా’ అనేది. ఇప్పుడే అంటే ఎప్పుడో ఎవురికి తెల్సు? ఒక్కోనాడు పొద్దు నెత్తినుండంగా వచ్చేది. ఒక్కోనాడు దీపాలు పెట్టినంక. అమ్మ తప్పు కాదు, మేస్త్రీ ఇడిసినప్పుడు వచ్చేది. నాకు ఊరికే ఉండేకి కాక, గుడిసె నీడ యాడికొస్తే అమ్మ వస్తాదో గుర్తు పెట్టుకుంటాంటి. మరుసటి దినం ఆ నీడ ఆడికే వచ్చేది. అమ్మ వచ్చేది కాదు."

గిన్నె మీద మూత ఈసారి సరిగా కూర్చుంది.

"ఆకలికి నేను ఏడ్చిందాన్ని కాదు. కడుపు కాలేది ఓర్చుకోవచ్చు. ఇంక ఎంత సేపు ఓర్చుకోవాల్నో తెల్లకపోతే ఓర్చుకోలేం. అందుకే నా బిడ్డకు అన్నానికి ఒక వేళ ఉండాలనుకున్యా. తిననీ, తినకపోనీ. ఆ వేళకు ఆ చోట పళ్లెం ఉంటాదని దానికి తెలిస్తే సాలు. నువ్వు నన్ను మొండిదాననుకుంటావు. అనుకో."

దావూద్ సంచిని గట్టు మీద పెట్టాడు. పెళ్లయి ఇన్నేళ్లలో ఎన్నిసార్లు వాదులాడాడు ఈ పళ్లెం గురించి. గోడ గడియారం వైపు ఆమె చూసే చూపును ఎన్నిసార్లు మేస్త్రీ చూపుతో పోల్చి ఎకసెక్కెం చేశాడు. ఏ ఇంట్లోనైనా కొత్త కోడలు అత్తగారి వంట నేర్చుకుంటుంది. ఈమె మాత్రం ఈ ఇంట్లో అడుగుపెట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, వేళ లేని ఇంటికి వేళను తెచ్చింది. ఎండాకాలం కరెంటు లేని రోజుల్లో కూడా ఆ ఇంట్లో అన్నం వేళ తప్పలేదు. అది తన కోసం కూడా జరుగుతున్నదని, ఎంత ఆలస్యంగా దుకాణం మూసినా అన్నం కోసం తను ఎప్పుడూ ఎదురుచూడలేదని ఇప్పుడు తోచింది అతనికి.

"ఒక్కపొద్దు ఆకలంటే నాకు శానా ఇష్టం" అంది ఫిరోజా, ఎటో చూస్తూ. "దానికొక కొస ఉండాది. ఉండేటోనికి, లేనోనికి అందరికీ ఒకటే కొస. సైరన్ మోగితే అయిపాయ. ఆ సైరన్ కొట్టేటోడు నా మొగుడని తెల్సినప్పుడు నేనెంత సంబరపడినానో నీకు తెల్దు."

బజారు మసీదు సైరన్ దావూద్ చేతిలో ఉంటుంది. అతని తండ్రి రసూల్ సాహెబ్ బతికినన్నాళ్లు ఆయన కొట్టేవాడు. ఆయన పోయాక ఆ గది తాళంచెవి దావూద్‌కు వచ్చింది. సాయంత్రం ఆ సైరన్ మోగితేనే వేంపల్లెలో ఒక్కపొద్దులు విడుస్తారు. అందరి చేతుల్లో ఫోన్లున్నా, అందరి ఇళ్లల్లో గడియారాలున్నా సరే, ఖర్జూరం వేళ్ల మధ్య పట్టుకుని ఆ మోత కోసమే చూస్తారు. మౌజన్ సాహెబ్ కూడా సైరన్ విని గుటకెడు నీళ్లు తాగాకే అజాన్ ఇస్తాడు.

"నీకు నీరసంగా లేదా? మొహం పీక్కపోయింది" అన్నాడు దావూద్.

ఆమె దానికి జవాబు చెప్పలేదు. సీసా తీసుకుని ఫ్రిజ్‌లో పెట్టింది. "సాయంత్రం ఇస్తాంలే. నువ్వే ఇద్దువు" అంది.

అసర్ అయ్యాక ఆ ఇంట్లో నడిచిన పద్ధతిని దావూద్ గుమ్మంలో కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. ఫిరోజా కూతురి పొద్దును ముక్కలు చేసి పెట్టింది. జొహర్ దాకా బడి, అసర్ దాకా నిద్ర, అక్కడి నుంచి పొద్దు గుంకే మగ్రిబ్ దాకా పని. పిల్లను లేపి చన్నీళ్లతో స్నానం చేయించింది. పుచ్చకాయ ముక్కల్లోంచి గింజలు తీయమని కూర్చోబెట్టింది. తినమని గానీ, తినొద్దని గానీ అనకుండా ఎర్రటి ముక్కలను ఆకలిగా ఉన్న పిల్ల చేతికి ఇవ్వడానికి ఎంత ధైర్యం కావాలి. షాహనా వేళ్ల వెంట రసం కారింది. ఒక్కసారి అలవాటుగా వేలు నోటి దాకా తీసుకుపోయింది. ఆగింది. ఎవరైనా చూశారేమోనని తల ఎత్తింది. ఫిరోజా చూసి కూడా చూడనట్టు చీపురు తీసుకుంది. పిల్ల వేలిని గౌనుకు తుడుచుకుని మళ్లీ గింజల పనిలో పడింది.

దావూద్ గుమ్మంలోంచి అది చూశాడు. తన ఆటలన్నీ, కతలన్నీ కలిపినా ఆ వేలిని అట్లా వెనక్కి తీసుకోవడం ఆ పిల్లకు నేర్పలేవు.

కానీ పొద్దు వాలేకొద్దీ షాహనా ముఖం పాలిపోయింది. పెదవుల మీద పొర కట్టింది. మాట తగ్గింది. దావూద్ మసీదుకు బయల్దేరడానికి లేచి చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ ఒక ఆలోచన చేశాడు. ఆ ఆలోచన అతనికి చీనీకాయ రసమంత సులభంగా వచ్చింది. ఒక్క రెండు నిమిషాలు. స్విచ్చు తన చేతి కింద. కొండల వెనక పొద్దు గుంకిందా లేదా అని ఎవరు కొలుస్తారు?

"ఏమయ్యా" అని ఫిరోజా వాకిట్లోకి వచ్చి నిలబడింది. "ముందుగా కొడదామని ఉండాదా?"

"ఛ, లేదు."

"మొహం చెప్తాండాది. ఆ రెండు నిమిషాలు ఊరందరి ఒక్కపొద్దులోంచి పోతాయి. పొద్దున్నుంచి పాప పట్టిన పట్టుకు నువ్విచ్చేది అదేనా?"

అతను తల దించుకున్నాడు. లోపలి నుంచి షాహనా చెప్పులు వేసుకుని వచ్చింది, ఓణీ తలకు చుట్టుకుని, చేతిరుమాలులో ఖర్జూరం మూట కట్టుకుని.

"నేనూ మసీదుకు వస్తా."

"ఎందుకు తల్లీ? ఆడ మెట్లెక్కాల."

"నువ్వు ముందుగా కొట్టకుండా చూసేకి."

ఆ రోజంతటికీ ఫిరోజా అప్పుడే నవ్వింది. "పో, పో. కాపలా ఉండు. మెల్లగా ఎక్కు" అని కూతురికి నీళ్ల సీసా ఇచ్చింది.

సైరన్ గదికి మసీదు పక్క సందులోంచి విడిగా ఇనుప మెట్లున్నాయి. గదిలో స్విచ్చు బోర్డు, ఒక స్టూలు, గోడకు ఎర్రటి అంకెల కరెంటు గడియారం. కిటికీలోంచి చూస్తే సైరన్ బూర, కింద ఆవరణలో వరసగా కూర్చున్న జనం, పెద్ద గుండిగలోంచి గంజి వంచుతున్న మనుషులు. మిరియాలు, పుదీనా వాసన పైకి వస్తోంది. షాహనా స్టూలు మీద కూర్చుని మూట విప్పుకుంది.

"నాయనా, నువ్వు ఎప్పుడైనా ముందుగా కొట్టినావా?"

"లేదు."

"నిజంగా?"

"మీ జేజినాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు గూడా వేళకే కొట్టి, మళ్లా పరిగెత్తి పోయినా."

పిల్ల దాన్ని కాసేపు మనసులో తిప్పింది. "ఊరందరికీ నిజం చెప్తావు గదా. నాకు మాత్రం ఎందుకు అబద్ధం చెప్తివి? దవడ సంగతి చెప్తివి. ఫోన్లో గంట మార్చి, తినే వేళ దాటిపోయిందని చెప్తివి. అమ్మ గోడ గడియారం చూపించేదాకా నాకు తెల్లేదు."

"నువ్వు తినకపోతే నాకు భయం తల్లీ."

"ఆకలి నాది గదా. నీకెందుకు భయం?"

దావూద్ చూపు కిందికి దించాడు. కూతురి కాళ్లు స్టూలు మీద నుంచి నేలకు అందక వేలాడుతున్నాయి. అవి ఊగడం లేదని, ఊపే ఓపిక కూడా లేదని చూశాడు.

అప్పుడు కరెంటు పోయింది.

ఎర్ర అంకెలు ఆరిపోయాయి. కింద ఫ్యాన్లు ఆగిన చప్పుడు, జనం ‘అయ్యో’ అన్న చప్పుడు. దావూద్ చెయ్యి ఇన్వర్టర్ వైపు పోయి ఖాళీ తగిలింది. బ్యాటరీ దుకాణంలో, మూలన, చార్జింగ్‌లో ఉంది. పొద్దంతా కూతురి ఆకలి తప్ప ఇంకేదీ పట్టని బుర్ర దాన్ని అక్కడే మర్చిపోయింది. ఇప్పుడు పోయి తెచ్చే వేళ లేదు.

"సైరన్ మోగదా నాయనా?"

"కరెంటొస్తే మోగుతాది."

"రాకపోతే?"

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. పిల్ల చూపు దాని మీద పడి తప్పుకుంది. "అందులో గంట నువ్వు మార్చొచ్చు" అంది.

"మార్చొచ్చు" అన్నాడు దావూద్. "మార్చలేదు."

ఒట్టు పెట్టబోయి మానుకున్నాడు. ఫిరోజా అయితే ఒట్టు పెట్టదు. ఉన్నది చెప్పి ఊరుకుంటుంది.

గదిలో చీకటి పడుతోంది. షాహనా తల గోడకు ఆనించింది. ఆమె కనురెప్పలు వాలడం అతను చూస్తున్నాడు. ఇప్పుడు ఎర్ర అంకెలు లేవు. సైరన్ లేదు. వేళయిందని తను అంటే అయినట్టే. ఈ గదిలో ఒక్క నిమిషం ముందు ఒక పిల్ల ఒక ఖర్జూరం తింటే ఊరికి ఏ నష్టమూ లేదు. చెప్పకూడని మాట నాలుక చివర దాకా వచ్చి కూర్చుంది. దావూద్ రెండు చేతుల్లో ఫోన్ పట్టుకుని, కూతురి వైపు చూస్తే ఆ మాట జారిపోతుందేమోనని, అంకెల వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నేళ్లుగా ఈ స్విచ్చు దగ్గర ఎంత సునాయాసంగా నిలబడ్డాడో. ఒక్క నిమిషం ఇంత బరువుంటుందని అతనికి తెలియదు. ఫిరోజా దీన్ని రోజూ మోస్తోంది, మూత వేసిన పళ్లెం పక్కన, ఒక్క మాటా మాట్లాడకుండా.

అంకె మారింది.

అలవాటు కొద్దీ స్విచ్చు నొక్కాడు. ఏమీ మోగలేదు. చెయ్యి తీసేశాడు.

"వేళయింది తల్లీ" అన్నాడు. గొంతు మార్చలేదు, నవ్వలేదు, కత చెప్పలేదు. "తిను."

షాహనా కిటికీలోంచి మూగగా ఉన్న సైరన్ బూరను చూసింది. తర్వాత తండ్రి ముఖాన్ని చూసింది, చీకట్లో, చాలాసేపు అనిపించేంత సేపు. పెదవులు కదిపి దువా చదువుకుంది. ఖర్జూరాన్ని నోట్లో పెట్టుకుంది. ఎడమ బుగ్గ కదిలింది. కుడి బుగ్గ కదిలింది. రెండు దవడలతోనూ, తీరిగ్గా నమిలింది.

దావూద్ కిటికీలోంచి సగం బయటికి వంగి గట్టిగా అరిచాడు. "వేళయిందప్పా. ఒక్కపొద్దులు ఇడవండి. వేళయింది."

కింద ఎవరో అందుకున్నారు. ఆవరణలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి బజారులోకి, ఇంటి నుంచి ఇంటికి ఆ మాట పోయింది. మౌజన్ సాహెబ్ మైకు లేకుండా ఉత్త గొంతుతో అజాన్ మొదలుపెట్టాడు. ఊరంతా దావూద్ నోటి మాట మీద తినింది. అతనికి కావలసింది మాత్రం అప్పటికే దొరికిపోయింది.

పిల్ల నీళ్లు తాగింది. పెదవుల మీది పొర తడిసింది. కాళ్లు మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి. అతను ఖర్జూరం నోట్లో వేసుకుని ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నాయనా."

"ఏమి తల్లీ?"

"నువ్వు నిజం చెప్పినావు గదా. నేనూ నీకొకటి చెప్తా. అమ్మతో అనగూడదు."

"అనను."

"అమ్మ ఈరోజు ఒక్కపొద్దు లేదు."

దావూద్ చిన్నగా నవ్వబోయాడు. ఆడవాళ్లకు నెలలో ఒక్కపొద్దు ఉండకూడని రోజులు ఉంటాయని, పిల్లలకు తెలియకుండా ఆ రోజుల్లో వంటింట్లో చాటుగా తింటారని అతనికి తెలుసు. నవ్వు సగంలో ఆగింది. ఆ రోజులు ఫిరోజాకు పోయిన వారమే అయిపోయాయి. మళ్లీ అందరితోపాటు సహరీకి కూర్చుంటోంది.

"మధ్యాన్నం నువ్వొచ్చేదానికి ముందు" అంది షాహనా. "తొట్టి కాడ ముఖం కడుక్కునేకి పోయినప్పుడు వంటింటి కిటికీలోంచి కనపడింది. తలుపుకు గడియ పెట్టుకోని పెరుగన్నం తినింది. బియ్యం డబ్బా వెనక నుంచి సంచి తీసి, మాత్ర మింగింది. మింగి, గోడకానుకోని కండ్లు మూసుకుంది. నిన్న గూడా అంతే."

మిరప్పొడి, అంది ఫిరోజా. ఘాటు అన్నది. వంటింట్లో నిలబడి అంతసేపు మాట్లాడినా తనకు ఒక్క తుమ్ము రాలేదని, గట్టు మీద రోలు గానీ మిక్సీ గానీ లేవని దావూద్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది. నీరసంగా లేదా అని అడిగితే ఆమె జవాబు చెప్పకపోవడం గుర్తొచ్చింది.

"అమ్మ అబద్ధం చెప్పదు గదా నాయనా. మరెందుకు?"

అతను నోరు తెరిచాడు. అదే క్షణంలో గోడ మీద ఎర్ర అంకెలు వెలిగాయి. తను ఆపడం మరిచిన స్విచ్చు మీదుగా, ఊరంతా తినడం మొదలుపెట్టిన తర్వాత, సైరన్ గదంతా దద్దరిల్లేలా అందుకుంది. షాహనా రెండు చేతులతో చెవులు మూసుకుని, తండ్రి పెదవులు ఏం చెబుతాయోనని వాటినే చూస్తూ కూర్చుంది.